శీలావతిది ఏ ఊరు?

బందరు కాలేజీ ఒకదానిలో నలభై ఏళ్లు జువాలజీ మ్యూజియం అటెండరుగా చేసి రిటైరైన సైఫుల్లా గారికి ఒకే ఒక్క అలవాటు ఉంది. చేప కంటపడితే దాని సొంతవూరు చెప్పనిదే ఆయన అక్కడి నుంచి కదలరు. చేప బతికున్నదా, చచ్చినదా, పులుసులో ఉన్నదా, గోడ మీద బొమ్మగా ఉన్నదా అన్న తేడా ఆయనకు లేదు. సొంతవూరు అంటే ఏ చెరువులో పట్టారన్నది కాదు. దాని వంశం ఏ ఖండంలో మొదలైంది, ఏ దారిన మన దాకా వచ్చింది, దారిలో ఎక్కడెక్కడ ఎముకలు పారేసుకుంది, ఆ ఎముకలు రాళ్లుగా మారి ఎవరికి దొరికాయి, ఇదంతా. తక్కువలో తక్కువ ఐదు కోట్ల ఏళ్ల చరిత్ర. బస్సుకు టైమైందంటే నాలుగు కోట్లకు తగ్గిస్తారు. అంతకంటే బేరం లేదు.

ఈ అలవాటు వల్ల బాధపడినవాళ్లు బందరులో చాలామందే ఉన్నారు. కానీ జీతం తీసుకుంటూ బాధపడింది స్వర్ణలత ఒక్కతే. ఆమె అదే కాలేజీలో జువాలజీ కాంట్రాక్టు లెక్చరరు. రోజూ అవనిగడ్డలో బస్సెక్కి పులిగడ్డ వంతెన దాటి వస్తుంది. సైఫుల్లా గారు రిటైరై ఏడేళ్లయింది, ఆమె చేరి నాలుగేళ్లయింది. అంటే ఆమె చేరేనాటికే ఆయన అక్కడ లేరు. కాగితం మీద. తొమ్మిదిన్నరకు ఆమె మ్యూజియం తలుపు తీయబోతే ఆ తలుపు అప్పటికే తీసి ఉండేది, లోపల ఆయన సీసాలు తుడుస్తూ ఉండేవారు. రిటైరైన రోజున పుస్తకాలు, బీరువాలు, బల్లలు అన్నీ అప్పగించి తాళంచెవి ఒక్కటి మర్చిపోయారట. ఏడేళ్లుగా రోజూ మర్చిపోతూనే ఉన్నారు.

చేరిన మొదటి వారంలోనే స్వర్ణలతకు తన అదృష్టం ఎంతటిదో తెలిసొచ్చింది. ఆ రోజు పాఠం, నీళ్లు ఎండిపోతే గట్టు మీదికి పాకే చేప. "కొందరు ఇది చెట్టు కూడా ఎక్కుతుందంటారు," అని ఆమె చెబుతుండగా వెనక బల్ల దగ్గర నుంచి వినయంగా ఒక గొంతు వినిపించింది.

"చెట్టు సంగతి తర్వాత చూద్దాం అమ్మా. అది టిబెట్లో ఏం చేస్తోందో చెప్పండి."

"టిబెట్ ఏమిటండీ?"

"దాని ముత్తాతల ఎముకలు టిబెట్ పీఠభూమి మీద రాళ్లలో దొరికాయి కదమ్మా. రెండున్నర కోట్ల ఏళ్ల నాటివి. ఇప్పుడక్కడ గడ్డి మొలవడమే కష్టం."

"అంత ఎత్తు ఎలా ఎక్కింది తాతగారూ?" అంది ముందు బల్ల మీది విద్యార్థిని ఒకతె.

"ఎక్కలేదు తల్లీ. అది వెచ్చటి పల్లంలో తన మానాన తానుంది. నేలే దాన్ని మోసుకుని పైకి లేచింది."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. స్వర్ణలత స్టాఫ్ రూముకు వెళ్లి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగింది. ఆ తర్వాత నాలుగేళ్లలో ఆమె క్లాసులో చప్పట్లు చాలాసార్లు మోగాయి. అవి ఆమెకు ఒక్కసారీ చెందలేదు.

ప్రాక్టికల్స్‌కు చేపలు కొనడానికి మార్కెట్‌కు వెళ్తే ఆయన తోడొచ్చేవారు. వద్దంటే ముందే వెళ్లి అక్కడ ఉండేవారు. చేపలమ్మే అంకమ్మకు ఆయన రాక దూరం నుంచే తెలిసేది. తెలిసి చేసేదేమీ లేదు.

"రండి మేడం, శీలావతి. పొద్దున్నే దిగింది," అంది అంకమ్మ ఒక శనివారం.

సైఫుల్లా గారు గొంతుక్కూర్చుని చేప మొప్ప ఎత్తి చూశారు. "ఇది మన వైపు పుట్టింది కాదు," అన్నారు.

పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ ఒకాయన చెవులు రిక్కించాడు. "మరి ఎక్కడిదండీ?"

"తూర్పు నుంచి వచ్చింది. చైనా, ఆ ప్రాంతాలు."

"ఎప్పుడొచ్చింది?"

"చాలా కాలమైంది."

సంచీ ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "ఐసులో పెట్టి తెచ్చారా?"

"ఐసు ఎక్కడిదండీ, అప్పటికి మంచుకొండలే సరిగ్గా లేవలేదు."

ఆయన వెళ్లి కోడిమాంసం కొట్టు ముందు నిలబడ్డాడు. అంకమ్మ కత్తిపీట పక్కకు జరిపి రెండు చేతులూ జోడించింది. "సాయిబు గారూ, మీరు కొనకపోతే పోయె. కొనేవాళ్లకి పురాణం చెప్పమాకండి. తెల్లారి పెదపారుపూడి చెరువులో పట్టిన చేప ఇది. తోక ఇంకా ఆడతా ఉంది."

"చెరువు కాదు అంకమ్మా, నేను చెప్పేది వంశం సంగతి."

"వంశం చూసి తెచ్చుకోటానికి ఇదేమన్నా కోడలా?"

ఆ ప్రశ్నకు సైఫుల్లా గారు అరగంట జవాబు చెప్పారు. మన దేశం ఒకప్పుడు దక్షిణాన ఉన్న పెద్ద ఖండం నుంచి తెగిపోయి, సముద్రం మధ్య ఒంటరి దీవిలా కదులుతూ వచ్చి ఆసియాను తగులుకుంది. ఆ ప్రయాణం నాటి మన రాళ్లలో ఎంత వెతికినా శీలావతి, బొచ్చె, మోసు వంశం ముల్లు ఒక్కటి కనపడదు. నేలకు నేల తగిలాకే ఆ కుటుంబం తూర్పు నుంచి ఏరు పట్టుకుని ఏరు ఈదుతూ వచ్చి ఇక్కడ స్థిరపడింది. కొరమీను సంగతి అలా కాదు. కొరమీను మనవాడు. వాడి అతి పాత ఎముకలు ఈ ఉపఖండం వాయవ్య మూల కొండల అడుగునే దొరికాయి. ఇక్కడ పుట్టి, ఆఫ్రికా దాకా వెళ్లి, అక్కడా పేరు తెచ్చుకున్నాడు. కొరమీను గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో, పెద్ద ఉద్యోగంలో ఉన్న మేనల్లుడి గురించి చెప్పే మేనమామ ధోరణి వినపడేది.

"మంచినీటి చేప అబద్ధమాడదమ్మా," అన్నారు చివరికి స్వర్ణలతతో. "ఉప్పునీళ్లు తాగితే చస్తుంది. అలాంటిది ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా దొరికిందంటే, మధ్యలో ఒకప్పుడు నేల ఉండి తీరాలి. మనుషులు రాసుకున్న చరిత్ర మార్చొచ్చు గానీ ముల్లు రాసింది మార్చలేం."

ఆ పూట అంకమ్మకు పోయిన బేరాలు తొమ్మిది.

ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఒక ఆదివారం ఆయన భార్య నాగూర్ బీ భోజనానికి పిలిచినప్పుడు స్వర్ణలతకు అర్థమైంది. "మా పెళ్లయి ముప్పై తొమ్మిదేళ్లమ్మా. ఈ ఇంట్లో వేడి చేపల పులుసు తిన్నవాళ్లు లేరు," అంది నాగూర్ బీ, సైఫుల్లా గారు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు. "కొత్తల్లుడు మొదటిసారి వచ్చి ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే, 'ఆగు బాబూ, ఇప్పుడు నువ్వు తినబోయేది ఎవరినో తెలుసా' అన్నారు. ఆ పిల్లాడు ఇప్పటికీ మా ఇంటికొస్తే గుడ్డు కూరే అడుగుతాడు. ఈ మధ్య ఈయన గుడ్డు ఎక్కడ మొదలైందో చదువుతున్నారు. నాకదొక్కటే దిగులు."

ఇంతటి మనిషి పుట్టిన చోటు చూడండి. రాయి అనేది కృష్ణా డెల్టాలో దిగుమతి సరుకు. దివిసీమలో బావి తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇంకా ఒండ్రు, ఆపైన ఉప్పునీళ్లు. కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డతో సరిపెట్టుకోవాల్సిందే. అలాంటి నేల మీద పుట్టి రాళ్లలోని చేపల మీద మనసు పడ్డం ఆయన జాతకం. ఊళ్లోకి కంకర లారీ వస్తే ముందు ఆ కుప్ప దగ్గరికి చేరేది ఆయనే. భూతద్దం పెట్టి ఒక్కొక్క రాయీ తిప్పి చూస్తుంటే, కోడూరు రోడ్డు పని దగ్గర కాంట్రాక్టరు ఆయన్ని క్వాలిటీ ఇంజనీరు అనుకుని రెండు రోజులు టీ తాగించి, మూడో రోజు భయపడి నిజంగానే మంచి కంకర తెప్పించాడు.

అందుకే మ్యూజియంలో నూట పన్నెండు సీసాలు, రెండు అస్థిపంజరాలు ఉన్నా ఆయన ప్రాణమంతా ఒక్క రాతిపలక మీద ఉండేది. జానెడున్నర సున్నపురాయి. ఎప్పుడో ఒక పాత లెక్చరరు ప్రాణహిత ఒడ్డు నుంచి తెచ్చి ఇచ్చాడు. అందులో ఒక చేప ఉంది, వయసు పదిహేడు కోట్ల ఏళ్ల పైమాటే. ఊరికే చూస్తే కనపడదు. వెలుతురు పక్కనుంచి పడాలి, తల కాస్త వంచాలి, అప్పుడు పొలుసు వెంట పొలుసు లేస్తుంది. తోక దగ్గర రాయి విరిగిపోవడంతో చేప సగంలో ఆగిపోతుంది. సైఫుల్లా గారు దాన్ని 'పెద్దాయన' అనేవారు. రోజూ పొద్దున గడ్డం గీసుకునే మెత్తటి బ్రష్షుతో పెద్దాయన ఒళ్లు తుడిచాకే మిగతా పని మొదలుపెట్టేవారు.

ఇలా ఉండగా ఫిబ్రవరిలో పైనుంచి కాగితం వచ్చింది. బుధవారం తనిఖీ కమిటీ వస్తోంది. జువాలజీకి ఉన్నది పదకొండు మంది పిల్లలు. ఆ గ్రూపు ఉంచాలా తీసేయాలా, మ్యూజియం గదిని కంప్యూటర్లకు ఇవ్వాలా అన్నది కమిటీ తేలుస్తుంది. గ్రూపు పోతే స్వర్ణలత కాంట్రాక్టు జూన్‌లో ముగిసిపోతుంది, మళ్లీ రాదు. ఆ సంగతి ప్రిన్సిపాల్ ఆమెకు ఎంతో సౌమ్యంగా చెప్పి, ఆపైన ఏమాత్రం సౌమ్యం లేకుండా మరో మాట చెప్పాడు.

"ఆ ముసలాయన ఆ రోజు కనపడకూడదమ్మా. పోయినసారి వచ్చినాయనకి భోజనంలో చేప వడ్డించాం. మీ సైఫుల్లా గారు పక్కన చేరారు. ఆయన చెయ్యి కడిగేసరికి మూడున్నర. రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? సమయపాలన లేదు అని."

స్వర్ణలత రెండు రోజులు ఆలోచించింది. పెద్ద మనిషిని రావద్దనడానికి నోరు రాలేదు. అబద్ధమాడటానికి వచ్చింది.

"సైఫుల్లా గారూ, గుడివాడ అవతల ఒక రైతు చెరువులో వీపు మీద రెక్క లేని కొరమీను పడిందట. తొట్టిలో ఉంచారట. బుధవారం వెళ్లి చూసొస్తారా?"

ఆయన సీసా తుడవడం ఆపారు. "వీపు రెక్క లేదా?"

"లేదట."

"కొంచెం కూడా?"

"మొత్తానికే లేదటండీ."

"ఎవరు చెప్పారమ్మా?"

ఈ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. "మా... మా చిన్నాన్న తోడల్లుడు."

"ఆహా," అన్నారు సైఫుల్లా గారు, ఆ బంధుత్వాన్ని గౌరవిస్తున్నట్టు తలాడిస్తూ. "అయితే మంగళవారమే వెళ్తాను. గుడివాడలో మా మరదలు ఇల్లుంది, ఆ పూటకి ఉండిపోవచ్చు."

అంత సులువుగా నమ్ముతారని ఆమె అనుకోలేదు. నమ్మినందుకు ఆయన మీద కాస్త కోపం కూడా వచ్చింది.

మంగళవారం ఆయన గుడివాడ బస్సెక్కారు, కాలేజీలోకి పెయింటరు చిన్నబాబు దిగాడు. తనిఖీ అంటే మన దగ్గర రంగు అని అర్థం. పెద్దలు వస్తున్నారంటే కదలనిదానికల్లా రంగు పడాలి. చెట్ల మొదళ్లకు సున్నం, పూలకుండీలకు ఎరుపు, మెట్లకు పసుపు, కుంటి కుర్చీకి వార్నిషు. ఈ సంప్రదాయంలో పండిపోయినవాడు చిన్నబాబు. సాయంత్రం బస్సు తొందరలో ఉన్న స్వర్ణలత అతనికి ఒకే ఒక్క మాట చెప్పి వెళ్లింది.

"మ్యూజియంలో ఉన్నవన్నీ బాగా కనపడేట్టు చెయ్యి చిన్నబాబూ."

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె తలుపు తీసేసరికి పెద్దాయన బాగా కనపడుతున్నాడు. గుమ్మం దగ్గరికే కనపడుతున్నాడు. పొలుసు పొలుసుకీ వెండి రంగు. కంటికి నల్ల చుక్క, దాని చుట్టూ తెల్ల సున్నా. మొప్పకు ఎరుపు. పదిహేడు కోట్ల ఏళ్లుగా లేని తోకను చిన్నబాబు సొంత ఊహతో పూర్తి చేశాడు. వెనక నీలంగా నీళ్లు, రెండు నాచు మొక్కలు. కింద ఎర్ర అక్షరాలతో 'చేప' అని రాశాడు.

స్వర్ణలత స్టూలు వెతుక్కుని కూర్చుంది. "ఏం చేశావు చిన్నబాబూ?"

"రాయిలో చేపుందని నాకే దొరకటానికి పావుగంట పట్టింది మేడం. వచ్చేవాళ్లకి అంత టైముంటదా? అందుకని." మెప్పు కోసం కాసేపు ఆగాడు. రాలేదు. "సాయిబు గారికి కూడా నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. మీ పెద్దాయనకి రంగేశాను, ఇప్పుడు గుడ్డోడికైనా కనపడతాడు అని."

"ఏమన్నారు?"

"ఏమన్లేదండి. తోక ఎటు తిప్పావని మాత్రం అడిగారు. ఎడం పక్కకి అన్నాను. పెట్టేశారు."

"టర్పెంటైన్ పెట్టి తుడిస్తే పోతుందా?"

"పోద్దండి. దాంతోపాటు ఇంకేం పోద్దో చెప్పలేను."

అంతలో గేటు దగ్గర కారు హారను మోగింది.

కమిటీ ముగ్గురు. వాళ్లకు పెద్ద ప్రొఫెసర్ పిచ్చేశ్వరరావు గారు. యూనివర్సిటీలో చేపల శాస్త్రం చెప్పి రిటైరై పదేళ్లయింది. ఆయన పేరు విని గ్రూపు మార్చుకున్న విద్యార్థులు ఇప్పుడు తాతలయ్యారు. చొక్కాకు ఒక గుండీ తప్పి పెట్టుకున్నారు, దాని గురించి చెప్పే ధైర్యం పక్కనున్న ఇద్దరికీ ఉన్నట్టు లేదు. కొత్తగా రంగేసిన మెట్ల మీద ఒకసారి జారి, ఆ కోపంతోనే మ్యూజియంలోకి వచ్చారు.

"ఎంతమంది పిల్లలు?"

"పదకొండు మంది సార్."

"పదకొండు," అన్నారాయన, అంకె చేదుగా ఉన్నట్టు. చేతిలో కాగితం చూశారు. "శిలాజం ఒకటుందని రాశారు. ఇదొక్కటే ఇక్కడ చూడదగ్గది. ఏదీ?"

స్వర్ణలత రాతిపలకను షెల్ఫులో వెనక్కి నెట్టి ముందు రెండు సీసాలు పెట్టింది. వెండి రంగు సీసాల సందులోంచి మెరుస్తూనే ఉంది. "సార్, అది..." అంటూ మూడో సీసా కోసం చెయ్యి చాచింది.

ఆ సమయంలో తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. చేతిలో గుడ్డసంచీతో, చొక్కా నిండా బస్సు దుమ్ముతో సైఫుల్లా గారు లోపలికి వచ్చారు. వరండాలో ప్రిన్సిపాల్ కళ్లు మూసుకోవడం ఆమెకు కనిపించింది. ఆయన నేరుగా షెల్ఫు దగ్గరికి నడిచి, సీసాల సందులోంచి ఒక్క చూపు చూశారు. ఆయన ముఖం ఎలా మారిందో ఆమె చూడలేకపోయింది. తర్వాత ఆయన వెనక్కి తిరిగి, వీపు షెల్ఫుకు ఆనించి నిలబడ్డారు. పొడగరి కాదు, లావరీ కాదు. కానీ ఆ పూటకు సరిపోయారు.

"ఎవరీయన?" అన్నారు ప్రొఫెసర్.

"పాత అటెండరు సార్. రిటైరయ్యారు," అంది స్వర్ణలత.

"అయితే ఇక్కడేం పని?"

"చిన్న సందేహం సార్," అన్నారు సైఫుల్లా గారు చేతులు కట్టుకుని. "మీలాంటి పెద్దలు మళ్లీ దొరకరు. ఈ సీసాలో శీలావతి ఉంది కదండీ. ఇది మన దేశంలోనే పుట్టింది కదా?"

స్వర్ణలత ఉలిక్కిపడి ఆయన వైపు చూసింది.

"ఏమన్నావు?" అన్నారు ప్రొఫెసర్.

"శీలావతి, బొచ్చె, మోసు. అన్నీ మనవే కదండీ. మన దేశం దక్షిణం నుంచి తెగిపోయి వచ్చినప్పుడు, పడవెక్కి వచ్చినట్టు మన నదుల్లో ఉండి వచ్చాయి. నలభై ఏళ్లుగా పిల్లలకి అదే చెబుతున్నాను."

ప్రొఫెసర్ చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఎవరు చెప్పారయ్యా నీకు?"

"అందరూ అంటారండి."

"అందరూ అంటే సరిపోయిందా? ఆనాటి మన రాళ్లలో ఆ వంశం ముల్లు ఒక్కటి చూపించు నాకు. ఒక్కటి!"

"లేవంటారా?"

"ఎక్కడుంటాయి? వాటి పాత ఎముకలన్నీ తూర్పున ఉంటే?"

"మరి కొరమీను సార్? అది చైనా నుంచి వలసొచ్చిందే కదండీ?"

ఈ మాట అనేటప్పుడు సైఫుల్లా గారు సీసాల వైపు చూడలేక నేల వైపు చూశారు. నడిబజారులో నిలబడి సొంత మేనల్లుణ్ణి ఎవరో తెలియదన్నంత పని అది. అది గమనించినది స్వర్ణలత ఒక్కతే. ప్రొఫెసర్ గమనించే స్థితిలో లేరు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి సుద్దముక్క ఎక్కడ అని అడుగుతున్నారు. బల్ల మీద కనపడకపోయేసరికి జేబులోంచి పెన్ను తీసి, చిన్నబాబు నిన్ననే తెల్లగా కొట్టిన గోడ మీద భారతదేశం పటం గీయడం మొదలుపెట్టారు. ఆసియా గీశారు. మధ్యలో సముద్రం గీశారు. పిల్లల్ని పిలవమన్నారు. పదకొండు మందీ వచ్చారు.

"తాతగారూ, మీరు మాకు చెప్పింది..." అని నౌషీన్ అనే విద్యార్థిని లేవబోయింది.

"కూర్చో తల్లీ. సారు చెబుతున్నారు," అన్నారు సైఫుల్లా గారు.

ప్రొఫెసర్ గంటా ముప్పావు చెప్పారు. మధ్యలో కమిటీలో మిగతా ఇద్దరూ వెళ్లి టిఫిన్ చేసి వచ్చారు. ప్రొఫెసర్‌ను ఆపే సాహసం ఎవరూ చేయలేదు. ఎక్కడైనా ఆయన జోరు తగ్గితే సైఫుల్లా గారు అమాయకంగా ఇంకో తప్పు అందించేవారు. పదేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఒక్కసారిగా మీద పడ్డంతో ప్రొఫెసర్ ముఖం విప్పారిపోయింది. నడుమ నడుమ ఆయన పిల్లల్ని ప్రశ్నలడిగారు. మంచినీటి చేప రెండు ఖండాల్లో దొరికితే ఏమనుకోవాలి? టిబెట్ మీదికి చేప ఎలా చేరింది? కాలేజీలో చేరిన నాటి నుంచీ ఇవి తప్ప వేరే ఏదీ వినని పిల్లలు, అడిగీ అడగకముందే జవాబులు చెప్పారు.

"చూశారా?" అన్నారు ప్రొఫెసర్ మిగతా ఇద్దరితో, నమ్మలేనట్టు. "ఇప్పుడే చెప్పాను. ఇప్పుడే పట్టేశారు."

శిలాజం సంగతి ఆయనకు కారెక్కాక కూడా గుర్తుకు రాలేదు. వెళ్తూ వెళ్తూ సైఫుల్లా గారి భుజం తట్టి, "నీకు ఆసక్తి ఉందయ్యా. కానీ తప్పులు దిద్దుకో," అన్నారు.

"చిత్తం సార్."

వారం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. విద్యార్థులు అసాధారణమైన చురుకుగలవారు. గ్రూపు కొనసాగాలి. మ్యూజియం ఉండాలి. చివర చేతిరాతతో ఒక వాక్యం: పాత అటెండరుకు బొత్తిగా పరిజ్ఞానం లేదు, ఆయన విద్యార్థులకు పాఠాలు చెప్పకుండా చూడవలెను.

కారు వెళ్లిన రోజే స్వర్ణలత ఆయన్ని అడిగింది. "అంత తప్పు ఎందుకు చెప్పారండీ?"

"సరిగ్గా చెబితే 'అవును' అనేసి ముందుకు కదిలేవారమ్మా. తెలిసినవాణ్ణి ఒకచోట నిలబెట్టాలంటే తప్పు చెప్పడం తప్ప దారి లేదు."

"గుడివాడలో... ఆ కొరమీను..."

"వీపు రెక్క లేని కొరమీను ఉండదమ్మా."

"మరి ఎందుకు వెళ్లారు?"

"మీ చిన్నాన్న తోడల్లుడు అంతటివాడు చెప్పాక వెళ్లకుండా ఎలా?" అన్నారాయన. సంచీ భుజానికి తగిలించుకుంటూ, "ఆ రోజు నేను లేకపోతే మీకు నెమ్మదిగా ఉంటుందనుకున్నారు. అందులో తప్పేముంది? నాకూ మా మరదల్ని చూసినట్టుంటుందని వెళ్లాను," అన్నారు.

స్వర్ణలత గుడ్డ తీసుకుని ఆయన తుడవాల్సిన సీసా తుడవడం మొదలుపెట్టింది.

చిన్నబాబును ఆయన పల్లెత్తు మాట అనలేదు. దూది, సన్నటి పుల్ల, ఓపిక పెట్టుకుని రోజుకు మూడు పొలుసుల చొప్పున పెద్దాయన ఒంటి మీది వెండి తీశారు. 'చేప' అన్న అక్షరాలు తీశారు. నాచు మొక్కలు తీశారు. తోకను మాత్రం వదిలేశారు. "ఎడం పక్కకే తిప్పాడు. ఉంటే గింటే అటే ఉండేది," అన్నారు.

కానీ మనిషి మునుపటిలా లేరు. తనిఖీ అయిన మూడో రోజున నాగూర్ బీ ఫోన్ చేసింది. "ఏం జరిగిందమ్మా అక్కడ? నిన్న కొరమీను పులుసు పెడితే ఈయన మాట్లాడకుండా తినేసి లేచారు. వేడివేడిగా. నాకు భయంతో ముద్ద దిగలేదు."

స్వర్ణలత అడిగితే, ఆయన సీసాల వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పారు. "ఆ మాటలు ప్రొఫెసర్ గారి దగ్గర అలాగే ఉండిపోయాయమ్మా. బందరులో ఒకడు కొరమీను చైనాదన్నాడని ఆయన అనుకుంటూనే ఉంటారు కదా. ఒక ఉత్తరం రాసి సరిచేస్తాను. ఇప్పుడు కాదు. మీ ఆర్డరు చేతికొచ్చాక."

నాలుగు నెలలు ఆగారు. జూన్‌లో ఒక పొద్దున స్వర్ణలత రెన్యూవల్ ఆర్డరు పట్టుకుని మ్యూజియంలోకి వచ్చింది. "సైఫుల్లా గారూ, వచ్చేసింది. ఇక మీ ఉత్తరం పోస్టు చేసుకోండి."

"నిన్న సాయంత్రం చేసేశానమ్మా, రిజిస్టరు పోస్టు. ఆర్డరు నిన్న నాలుగింటికే ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి వచ్చింది. గుమాస్తా చెప్పాడు. పోస్టాఫీసు మూసేలోపు అందుకున్నాను."

పద్నాలుగు పేజీలట.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది, ఇరవై రెండు పేజీలు. సైఫుల్లా గారు దాన్ని ఆమెకు ఇచ్చారు. 'అయ్యా, మీరు నన్ను గంటా ముప్పావు సేపు నిలువునా మోసం చేశారు. నా ఉద్యోగ జీవితంలో ఇంత సంతోషంగా మోసపోలేదు' అని మొదలైంది. ఆపైన ఇరవై ఒక్క పేజీలు చేపలు. చివర ఎర్ర సిరాతో: 'మీ ఉత్తరం తొమ్మిదో పేజీలో వాలుగ చేప గురించి రాసింది పూర్తిగా తప్పు. వెంటనే జవాబు రాయండి.'

స్వర్ణలత తల ఎత్తింది. "తొమ్మిదో పేజీలో తప్పా? మీరా?"

ఆయన సీసా మీద లేని మరక ఒకటి తుడవసాగారు.

"సైఫుల్లా గారూ."

"ఆయన విశాఖలో ఒక్కరే ఉంటారటమ్మా. ఆ రోజు కారు డ్రైవరు చెప్పాడు. ఇల్లాలు పోయి మూడేళ్లయిందట," అన్నారాయన. "అంతా సరిగ్గా రాస్తే, బాగుందని ఒక కార్డు ముక్క రాసి ఊరుకుంటారు కదా."

స్వర్ణలత ఇరవై రెండు పేజీలూ బల్ల మీద సర్ది పెట్టింది. అవతల మొదటి గంట కొట్టారు. ఆమె కదల్లేదు.

"ఇప్పుడు మళ్లీ రాయాలి," అన్నారు సైఫుల్లా గారు, నిజంగానే ఇబ్బందిగా. "అదే తేలడం లేదమ్మా. పెద్ద తప్పు రాస్తే నాకు అన్నం సయించదు. చిన్నదైతే ఆయన కంటికి ఆనదు. పొద్దుట్నుంచీ కూర్చున్నాను, ఒక్కటీ కుదరడం లేదు."

"మీకు అలవాటు లేని పని కదండీ," అంది స్వర్ణలత, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఆ కాగితం ఇటివ్వండి. నాకు బాగా వచ్చు."